ఇంజన్ దించని ఓడ

ఒకటి

విన్నదే రాయాలి, అనుకున్నది రాయకూడదు. ఓడ శ్రవణగదిలో కూర్చుని నీళ్ళ అడుగు చప్పుళ్ళు వినేవాళ్ళకి మొదటిరోజే చెప్పే నియమం ఇది. నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నతను దాన్ని బుద్ధిగా పాటించాడు. అతని పుటలు తిరగేస్తే "పడవ, పడవ, వాన, పడవ" తప్ప ఇంకేం లేదు. నాకంత బుద్ధి లేదు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, కుదురుగా కూర్చోలేక చేరిన ప్రతి ఉద్యోగమూ మానేసి, ఆఖరికి రోజంతా కూర్చునే ఉద్యోగంలోనే వచ్చిపడ్డాను. కాబట్టి రెండూ రాస్తాను.

పేరు నూకరత్నం. ఊరు పూడిమడక. ఓడ పేరు తీతువు.

మా తరగతి కార్వెట్లన్నిటికీ గట్టున తిరిగే పిట్టల పేర్లే పెట్టారు. కొక్కెర, ఉల్లంకి, తీతువు, ఇలా. చిన్న ఓడలు. పెద్దవి రాలేని లోతు తక్కువ నీళ్ళలోకీ వెళ్ళగలవు. తీరం వెంబడి గస్తీ తిరగడం, నీటి అడుగున నక్కినవాటిని వెతికి చంపడం వీటి పని. యుద్ధం నాటి పని అది. యుద్ధం ఎప్పుడో అయిపోయింది. అడుగున నక్కినవి మనిషి లేని యంత్రాలు, వాటికి మాత్రం ఆ కబురు చెప్పేవాళ్ళు లేరు. వాటిని చేసిన దేశమే ఇప్పుడు లేదు.

కాగితాల్లో వాటికి బారెడు పేరుంది. ఓడలో ఎవరూ ఆ పేరు పలకరు. అందరూ "అత్తగారు" అనే అంటారు. మూల కూర్చుంటుంది. మాట్లాడదు. ఇంట్లో ఎక్కడ గిన్నె చప్పుడైనా వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది. ఫలానా తరగతి ఓడ ఎలా మోగుతుందో ఒకసారి నేర్చుకుందంటే ఇక వదలదు.

అందుకే మేము కోడళ్ళలా బతుకుతున్నాం. కాళ్ళకి గుడ్డచెప్పులు. తలుపులకి రబ్బరు అంచులు. స్టీలు కంచాలు గట్టున దింపేశారు, విస్తరాకుల్లో తింటాం. వంటగదిలో రోకలిని గోనెసంచిలో చుట్టి, తాడుతో కట్టి, పైన సీలు కూడా వేశారు. దాన్ని చూసినప్పుడల్లా ఇంజన్ గది పెద్ద మస్తాన్ గారు నిట్టూరుస్తారు. ఆయనది నెల్లూరు.

"ఏందమ్మా ఈ బతుకు? పచ్చడి నూరుకోను దిక్కులేదు. ఆ రోకలేమన్నా హత్య చేసిందా, అట్టా కట్టిపడేసినారు?"

"చప్పుడు చేస్తుందండీ."

"నేనూ చేస్తా, గురక. నన్నూ కట్టమను."

ఓడ చప్పుడు దాచడానికి "ముసుగు" ఉంది. మా సొంత ఇంజన్లు ఆపేసి బ్యాటరీల మీద మెల్లగా కదులుతూ, ఓడ అడుగున బిగించిన పెట్టెల్లోంచి చేపలపడవ ఇంజన్ మోత వినిపిస్తాం. డబడబడబ, పాత డీజిల్ దగ్గు. చేపల పడవల్ని అత్తగారు ముట్టుకోదు. చిన్నవాటి మీద పేలుడుమందు వృథా చెయ్యొద్దని దాన్ని చేసినవాళ్ళు చెప్పి ఉంటారు. మేము పడవల మధ్య పడవలా తిరుగుతాం. అలా తిరిగి వాటిని కాపాడుతున్నామని రేడియోలో చెబుతారు.

తీతువు మీద ఉద్యోగం వచ్చిందనగానే ఊళ్ళో అందరూ మొహం చిట్లించారు. ఆ పిట్ట అరిస్తే చావు కబురని కదా నమ్మకం. మా అప్ప పైడమ్మ ఒక్కతే నవ్వింది.

"సావూ లేదు, గీవూ లేదే. అది గుడ్ల కోసం ఏడుత్తాది. ఇసకలో మనం గుడ్ల కాడికి ఎల్తే ఏటి సేసేదో గుర్తులేదేటి? అల్లంత దూరం ఎల్లి, రెక్క ఇరిగినట్టు కుంటుకుంటూ అరిసేది. నువ్వు బుర్రలేక దాని ఎనకే పరిగెట్టేదానివి."

మా వైపు అప్ప అంటే అక్క. నన్ను పెంచింది తనే. అమ్మ పోయాక, మగవాళ్ళు యుద్ధం నుంచి తిరిగి రాకపోయాక, పడవ ఎక్కిన మొదటి ఆడవాళ్ళలో అప్ప ఒకతె. ఇప్పుడు పూడిమడక పడవలన్నీ ఆమె మాట మీదే కదులుతాయి. ఆ పడవల పక్కనే మా గస్తీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అప్ప పడవ ఇంజన్ నాకు తెలుస్తుంది. మూడు దగ్గులకొకసారి ఎక్కిళ్ళు పెడుతుంది.

రెండు

ఉల్లంకి మునిగిపోయింది. ముసుగు వేసుకునే ఉంది. దానికి ముందు కొక్కెరా అంతే.

భోజనాల దగ్గర విస్తరాకుల చప్పుడు కూడా ఎక్కువే అనిపించింది. ఉల్లంకిలో శ్రవణగది అమ్మాయి, నేను శిక్షణలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నిద్రలో పాటలు పాడేది. ఇంతకు మించి రాయలేను.

భోజనాలయ్యాక కెప్టెన్ దేవదానం గారు శ్రవణగదికి వచ్చారు. మామూలుగా ఆయన రారు, పిలిపిస్తారు. గుంటూరు మనిషి, గొంతు పెంచగా ఎవరూ వినలేదు. నీటి చప్పుళ్ళు రికార్డు చేస్తూ దగ్గర్లో తేలే శ్రవణబోయా ఒకటి ఉల్లంకి ఆఖరి మోతలు పట్టిందట. అది నా ముందు పెట్టారు.

"నీకు పడవలు తెలుసు గదమ్మా. వీటిలో ఉల్లంకి ఏదో కనిపెట్టగలవేమో చూడు."

"ముసుగు మా ఊరి పడవ మోతేనండీ. ఎలా తెలుస్తుంది?"

"అత్తగారికి తెలిసింది. నీకు తెలియకపోతే ఎట్లా?"

మొదటిసారి విన్నప్పుడు ఏమీ తెలియలేదు. అన్నీ పడవలే. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నాను. ఒక పడవ ఇంకో పడవకి ఎదురొస్తోంది. రెండింటి మోతా తగ్గింది. పక్కనుంచి దాటాయి, మళ్ళీ లేచాయి. ఇంకో పడవ వచ్చింది. అదీ తగ్గింది, కానీ దాని ఎదుట ఉన్నది తగ్గలేదు. డబడబమంటూ అలాగే దూసుకుపోయింది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే హెడ్‌ఫోన్స్ తీసేశాను.

"ఇదేనండీ ఉల్లంకి. ఇంజన్ దించలేదు."

"దించడమంటే?"

పూడిమడకలో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. సముద్రం మీద పడవకి పడవ దగ్గరైతే రెండూ ఇంజన్ దించుతాయి, మోతా వేగమూ తగ్గించి దాటుతాయి. కింద ఎదుటివాళ్ళ వల ఉండొచ్చు, పిల్లలు నీళ్ళలో ఉండొచ్చు. అది మొదట్లో అవసరం, ఇప్పుడు మర్యాద. వల లేకపోయినా దించుతారు, పలకరించినట్టు. దించకుండా పోయిన పడవని గట్టుకొచ్చాక నలుగురూ నిలదీస్తారు. ముసుగు కోసం రికార్డు చేసినవాళ్ళు ఒంటరి పడవని ఒడ్డున కట్టేసి రికార్డు చేసుంటారు. వాళ్ళకి మోత దొరికింది. మర్యాద దొరకలేదు.

కెప్టెన్ గారు హెడ్‌ఫోన్స్ తీసుకుని తనూ ఒకసారి విన్నారు. తర్వాత అన్నారు: "అంటే ఆవిడ మన ఇంటి మర్యాదలు కూడా నేర్చుకుందన్నమాట."

మూడు

ముసుగుకి మర్యాద నేర్పాను.

పని పెద్దదేం కాదు. దగ్గరికొచ్చే పడవ మోతని యంత్రం పసిగట్టాలి, మన మోత మెల్లగా దించాలి, దాటాక మెల్లగా లేపాలి. ఎంత మెల్లగా అన్నది మాత్రం చేత్తో దించినవాళ్ళకే తెలుస్తుంది. నేను చిన్నప్పుడు అప్ప పడవలో ఎన్నోసార్లు దించాను. టక్కున తగ్గిస్తే "తల దించినావా, తలుపేసినావా?" అని తిట్టేది. ఆ తిట్టు గుర్తుచేసుకుంటూ చేశాను.

ఇవాళ పొగమంచులో పరీక్షించాం. పూడిమడక పడవల మధ్యకే వెళ్ళాం. ఇదివరకు మేము దగ్గరికి రాగానే రేడియోలో వేళాకోళాలు మొదలయ్యేవి. "అదుగో దొంగపడవ, మరేదలేని పడవ, ఎవుడి పెళ్ళికి ఎల్తందో" అనేవాళ్ళు. ఇవాళ ఎవరూ ఏమీ అనలేదు. మూడు దగ్గులకొకసారి ఎక్కిళ్ళు పెట్టే ఇంజన్ మా వైపే వచ్చింది. దించింది. మేమూ దించాం. మంచులో మా పక్కనుంచి దాటిపోయింది.

రేడియో గరగరమంది. "ఎవుల పడవది? గంగయ్య మావదేటి?"

నేను మీట నొక్కాను. "నేనేనే అప్పా."

"నువ్వేటి, నువ్వెక్కడున్నావే?"

"నీ పక్కనుంచే ఎల్లినాను."

కాసేపు గరగర. ఆ తర్వాత అప్ప నవ్వు. "ఒలే గుంటా! మీ ఓడకి ఇన్నాళ్ళకి సిగ్గొచ్చింది!"

ఓడలో పండగ. చప్పుడు లేని పండగ. అందరూ అరచేతులు దగ్గరికి తెచ్చి తాకించకుండా చప్పట్లు కొట్టారు. కెప్టెన్ గారు ఈ మార్పుని మా తరగతి ఓడలన్నిటికీ పంపించారు, నా పేరు రాసి. మస్తాన్ గారు దాచుకున్న పూతరేకు తెచ్చి నా ముందు పెట్టారు.

"తినమ్మా. ఇంకమీదట అత్తగారు ఊరంతా చెప్పుకుంటాది, మా కోడలు ఎంత వినయమో అని."

నేను తిన్నాను. నాకు చాలా గర్వంగా ఉంది. అది కూడా రాస్తున్నాను.

నాలుగు

ఇవాళ దాన్ని విన్నాను. విన్నానని రాయడం తప్పేమో. వినపడకపోవడాన్ని విన్నాను.

మా నీళ్ళలో అడుగంతా రొయ్యలు. వాటిలో ఒక రకం గోళ్ళు విదిలించి చిటపటమంటాయి. లక్షల రొయ్యలు. హెడ్‌ఫోన్స్‌లో అది ఎప్పుడూ ఉంటుంది, వేడి పెనం మీద నీళ్ళు చల్లుతున్నట్టు. మొదటి వారం తలనొప్పి వస్తుంది, తర్వాత ఉందనే తెలియదు.

పొద్దున ఓడకి ఎడమవైపు ఆ చిటపటలో ఒక కన్నం పడింది. ఆ కన్నంలో ఏ చప్పుడూ లేదు. అది కదులుతోంది. అది వచ్చినచోట రొయ్యలు ఆగిపోతున్నాయి, వెళ్ళినచోట మళ్ళీ మొదలవుతున్నాయి. వీధిలోకి పెద్దమనిషి వస్తుంటే గుమ్మాల్లో మాటలు వరసగా ఆగిపోయినట్టు.

ఎర్రదీపం వేశాను. ఓడంతా ఎవరున్నచోట వాళ్ళు నిలబడిపోయారు. నా వెనక కెప్టెన్ గారి ఊపిరి వినబడుతోంది. కన్నం మా అడుగుకొచ్చింది. అక్కడే ఆగింది. నా అరికాళ్ళ కింద ఎన్ని మూరల నీళ్ళున్నాయో నాకు తెలుసు. ఆ తర్వాత ఏముందో కూడా తెలుసు. కాళ్ళు పైకి ముడుచుకుని కుర్చీలో కూర్చున్నాను, చిన్నపిల్లలా.

అప్పుడే ఒక పడవ మా వైపు వచ్చింది. ముసుగు దానంతట అదే మోత దించింది. పడవా దించింది. దాటిపోయింది. మోత లేచింది.

కన్నం కదిలింది. మమ్మల్ని వదిలి మెల్లగా ఆ పడవ వెనకే వెళ్ళింది.

"పోయింది," అన్నాను.

కెప్టెన్ గారు నా భుజం తట్టారు. బల్లకి ఆనుకుని కాసేపు నిలబడ్డారు. "నీ పుణ్యమా అని ఇంతమందిమి బతికాం," అన్నారు.

పడవ వెనకే ఎందుకు వెళ్ళిందన్నది అప్పుడు నేను అడగలేదు. ఇప్పుడు రాస్తుంటే అడగాలనిపిస్తోంది.

ఐదు

ముత్యాలమ్మపాలెం పడవ ఒకటి పేలిపోయింది. ఇంధనం పీపాకి నిప్పంటుకుందని గట్టున అనుకున్నారు. రెండోది పేలాక ఆ మాట ఎవరూ అనలేదు.

దగ్గరలోని బోయా రికార్డు తెప్పించుకుని నిన్నా ఇవాళా అదే విన్నాను. ఒక్కసారి వింటే చాలు, కాదని చెప్పే చప్పుడు ఎక్కడైనా దొరుకుతుందేమోనని మళ్ళీ మళ్ళీ విన్నాను.

కన్నం పడవల మధ్యకి వస్తుంది. ఒక పడవ కింద ఆగుతుంది. ఇంకో పడవ ఎదురయ్యేదాకా ఓపిగ్గా ఆగుతుంది. రెండూ ఇంజన్ దించుతాయి. మొదటిదాన్ని వదిలి రెండో పడవ కిందికి వెళ్తుంది. మళ్ళీ ఆగుతుంది. అదీ దించుతుంది. ఇలా పడవ తర్వాత పడవ. దించనివాడెవడా అని వెతుకుతోంది. దించనివాడు దొరకడం లేదు.

పడవల మధ్య దొంగ ఓడలు తిరుగుతున్నాయని దానికి ముందునుంచీ తెలుసు. ఇన్నాళ్ళూ వాటిని మర్యాదని బట్టి ఏరుకుంది, పడవల జోలికి పోలేదు. ఏరుకునే ఆ ఒక్క గుర్తూ నేను చెరిపేశాను. ఓడలు పోలేదు, ఉన్నాయి, ఎక్కడో ఇక్కడే ఉన్నాయి, కానీ అందరూ ఒకేలా ఉన్నారు. పరీక్షలో అందరి పేపర్లూ ఒకేలా కనిపిస్తే మాస్టారు ఏం చేస్తాడు? అందరూ కాపీ కొట్టారనుకుని అందరినీ ఫెయిల్ చేస్తాడు.

రికార్డులో ఆఖర్న కన్నం ముత్యాలమ్మపాలెం పడవ కింద ఆగింది. అన్నం ఉడికేంతసేపు ఆగింది. ఆ పడవ ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ చక్కగా ఇంజన్ దించింది.

పూతరేకు తీపి నాలిక మీద ఇంకా ఉన్నట్టుంది. వెళ్ళి నోరు కడుక్కున్నాను.

ఆరు

కెప్టెన్ గారికి అంతా చెప్పాను. విన్న వెంటనే ఆయన కాగితం తీసుకున్నారు. ముసుగు లోంచి మర్యాద తీసేద్దామని ప్రధాన స్థావరానికి రాశారు. జవాబు తొందరగానే వచ్చింది. మార్పు చేసిన తర్వాత ఒక్క ఓడ కూడా పోలేదు, కాబట్టి కొనసాగించాలి. పడవలు గట్టునే ఉండాలని సలహా ఇవ్వడమైనది.

ఆ సలహా నేనే అప్పకి రేడియోలో చెప్పాను. ముత్యాలమ్మపాలెం సంగతీ చెప్పాను.

"గట్టునుండి ఏటి తినాల? ఇసకా? వంజరం వచ్చే రోజులియ్యి. నాను ఒద్దన్నా ఒక్కలూ ఆగరే."

"అప్పా, నువ్వైనా..."

"నాను ఎల్లకపోతే ఆల్లని ఎనక్కి తెచ్చేదెవులు?"

అలా అనే ఇవాళ పొద్దున్నే బయల్దేరారు. పూడిమడక పడవలన్నీ. మేము పక్కనే ఉన్నాం, ముసుగు వేసుకుని, మర్యాదగా.

మధ్యాహ్నం నా కుడిచెవిలో రొయ్యలు ఆగిపోయాయి.

కన్నం పడవల మధ్యకి వచ్చింది. ఒక పడవ కింద ఆగింది. ఇంకో పడవ కింద ఆగింది. ఎక్కడికి వెళ్తుందో అని నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను. మూడు దగ్గులకొక ఎక్కిలి. అక్కడికొచ్చి ఆగింది. ఇక కదల్లేదు.

అప్పే పిలిచింది, గొంతు తగ్గించి. "రత్నాలూ, ఇక్కడేటో బాగోలేదే. వల కింద ఒక్క సేపా కదలట్లేదు."

చెప్పాలా వద్దా అనుకునేలోపే చెప్పేశాను. "అది నీ కిందుందప్పా."

గరగర. పడవలో ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఊరుకోమంటున్నారు. అప్ప మళ్ళీ వచ్చింది. "ఇంజను ఆపేయాలేటి?"

"తెలీదు. ఏదీ మార్చకు. అలాగే ఉండు."

ఇంత చదివి, ముసుగుకి మర్యాద నేర్పినదాన్ని, మా అప్పకి చెప్పగలిగింది "తెలీదు" అని.

కెప్టెన్ గారివైపు తిరిగాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు, నోరే మాట్లాడింది. "దానికి ఓడ కావాలండీ. ఓడ దొరికితే పడవని వదిలేస్తుంది. ముసుగు తీసేసి, మన ఇంజన్లతో, వాళ్ళ మధ్యనుంచి వెళ్దాం. ఎవరికీ దించకుండా వెళ్దాం. ఓడ ఎలా ఉంటుందో, పడవ ఎలా ఉంటుందో దానికి మళ్ళీ తెలియాలి."

"తెలిశాక మన వెనక పడుతుంది."

"అవునండీ."

"లోతు నీళ్ళదాకా తీసుకుపోగలిగితే మన దగ్గరా మందుంది," అన్నారు ఆయన, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "పడవల మధ్యన పేల్చలేం. అక్కడైతే పేల్చొచ్చు. అక్కడిదాకా వెళ్ళనిస్తే." బల్ల మీద స్థావరం జవాబు కాగితం ఉంది. దాన్ని తిరగేసి పెట్టారు. ఇంజన్ గదికి ఫోన్ చేశారు. "మస్తాన్, పెద్ద ఇంజన్లు ఎంతసేపట్లో లేస్తాయి?"

ఫోన్‌లోంచి ఆయన గొంతు నాకూ వినబడింది. "అడిగినారా సార్? నిజంగా అడిగినారా? ఈ ఓడ గొంతు ఎట్టుంటాదో మర్చిపోయుండా. మీరు ఊ అనండి."

"నీతో కింద కుర్రాళ్ళున్నారు. వాళ్ళనీ అడుగు. ఎందుకో కూడా చెప్పు."

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. దూరంగా ఆయన మాటలు. ఆ తర్వాత వంటగదివైపు నుంచి ఏదో తెగిన చప్పుడు.

"అడిగినా సార్. ఒకడు ఏడుస్తుండాడు, ఏడుస్తానే నట్లు బిగిస్తుండాడు. వంటాయన రోకలి కట్లు కోసేసినాడు."

ఏడు

ముసుగు ఆపేశాను. ఆ మీట నేనే నొక్కాను. హెడ్‌ఫోన్స్‌లో ఒక్క క్షణం మేము ఎక్కడా లేము.

ఇంజన్లు లేచాయి. కుర్చీ, బల్ల, నా పళ్ళు, అన్నీ ఒకేసారి అదిరాయి. ఏడాదిగా గుసగుసల్లో బతికిన ఓడ ఒక్కసారిగా గొంతెత్తింది. వంటగదిలో రోకలి పడుతోంది, దబ్, దబ్, ఉట్టి నేల మీదే. గరిటెలు, పానాలు, ఎవరి చేతిలో ఏది ఉంటే దానితో గోడలు బాదుతున్నారు. ఎవరో బూతుపాట ఎత్తుకున్నారు. ఎవరూ ఆపలేదు.

పడవల వరసలోకి వచ్చాం. మొదటి పడవ దించింది. మేము దించలేదు. రెండోది దించింది. దించలేదు. మా అలకి అది పక్కకి ఒరిగి లేచింది. రేడియో తిట్లతో నిండిపోయింది.

"ఎవుడ్రా ఆడు! కళ్ళు దొబ్బినాయేట్రా! వలలున్నాయి!"

"ఇంజను దించవేట్రా, నీ దుంప తెగ!"

వాళ్ళ వలలు తెగుతున్నాయి. వినబడుతోంది. మీట నొక్కాను.

"అప్పా, నేను. మేము దించం."

తిట్లు ఆగాయి. నా ఎడమచెవిలో అప్ప ఇంజన్, దాని కింద ఆ కన్నం. మేము నేరుగా అటే వెళ్తున్నాం. నాకు ఒక్కటే భయం. అది మమ్మల్ని వినీ విననట్టు, ముందు కిందున్న పని ముగించుకుందామనుకుంటే?

అప్పుడు అప్ప గొంతు వచ్చింది. నాతో కాదు. అందరితో.

"ఒరే, తిట్టకండ్రా. ఇంజన్లు దించండి. అందరూ దించండి. తీతువు ఎల్తంది."

మా ముందు, వెనక, రెండు పక్కలా, ఒక్కొక్క పడవే మోత దించింది. మెల్లగా, టక్కున కాకుండా, తల దించినట్టు. ఆ మౌనంలో మేమొక్కళ్ళమే మోగుతూ వెళ్ళాం. సముద్రం మీద అంత మర్యాద నేనెప్పుడూ వినలేదు. అంత మర్యాదలేకుండా ఎవరి పక్కనుంచీ వెళ్ళలేదు. అప్ప పడవ కిటికీ అద్దంలోంచి కనిపించింది. ఆమె అంచున నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు. గేరు కర్ర మీదే ఉంది చెయ్యి, దించి పట్టుకుని.

దాటాం.

కన్నం కదల్లేదు. దబ్, దబ్. కదల్లేదు. కెప్టెన్ గారు నా మొహంలోకే చూస్తున్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

కదిలింది.

అప్ప పడవ కింద రొయ్యలు మొదలయ్యాయి. ముందు ఒకటి రెండు, తర్వాత పెనం నిండా. కన్నం పడవల వరస దాటి బయటికి వచ్చింది. ఏ పడవ దగ్గరా ఆగలేదు.

"వస్తోంది," అన్నాను. "మనకోసమే."

"మంచిది," అన్నారు కెప్టెన్ గారు. "రత్నం, మిగతా ఓడలన్నిటికీ కబురు పంపు. రేడియో నీళ్ళలో వినపడదులే, ఆవిడకి తెలియదు."

"ఏం పంపమంటారండీ? విన్నదా, అనుకున్నదా?"

"అనుకున్నదే ముందు పంపు."

పంపించాను. ముసుగులు తీసెయ్యండి. పడవల మధ్య దాక్కోకండి. ఓడలా మోగండి, ఓడలా పోరాడండి. దానికి ఈ తేడా తెలిసినంతకాలం పడవలు బతుకుతాయి. నా పేరు కూడా పెట్టాను, మొదటి మార్పుకి పెట్టినట్టే. ఈ పుటలు కూడా ఇప్పుడే చదివి పంపుతున్నాను. రాస్తూ, చదువుతూ, వింటూ.

లోతు నీళ్ళు ఇంకా దూరం. వెనక ఉన్నది మాకంటే వేగంగా వస్తోంది. మస్తాన్ గారు ఇంజన్ల నుంచి ఇంకొంచెం పిండడానికి చూస్తున్నారు, తిడుతూ, బతిమాలుతూ. రోకలి ఆగలేదు. చేతులు మారుతున్నట్టుంది, దెబ్బ తేడా తెలుస్తోంది.

చాలా వెనక, దాదాపు వినపడనంత సన్నగా, ఆ ఇంజన్ మళ్ళీ లేచింది. మూడు దగ్గులు, ఒక ఎక్కిలి. మూడు దగ్గులు, ఒక ఎక్కిలి. దాని చుట్టూ మిగతావి. అన్నీ గట్టువైపు. వినపడినంతవరకూ విన్నాను.

ఇప్పుడు మా చుట్టూ రొయ్యలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.